నాన్న డయాలసిస్ మొదలయ్యాక దశమభాగం ఆపేశాను. దేవుని దగ్గర దొంగిలిస్తున్నట్టేనా?

పెద్దకొడుకు

అందరికీ వందనాలు.

ఎనిమిది నెలల క్రితం మా నాన్నగారికి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని తేలింది. అప్పట్నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు మెషిన్ మీద ఉండాలి. రానూపోనూ, ఆ తర్వాత నీరసం, అన్నీ కలిపితే రోజంతా దానికే పోతుంది. నాన్నని తీసుకెళ్ళడం కోసం నా భార్య ఉద్యోగం మానేసింది. ఇప్పుడు సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే.

మొదటి జీతం అందిన నెల నుంచి మా సంఘానికి దశమభాగం ఇస్తూ వచ్చాను. తొమ్మిదేళ్ళలో ఒక్క నెల తప్పలేదు. జీతం పడిన రోజే పదో వంతు తీసి కవర్లో పెట్టేసేవాణ్ణి. మిగిలిందే నా జీతం అనుకునేవాణ్ణి. నాన్నకి జబ్బు చేసిన మూడో నెల ఆగిపోయింది. ఆపాలని కూర్చుని నిర్ణయించుకున్నది కాదు. ఒక రాత్రి మందులకి చాలక ఆ కవర్ చించాను. వచ్చే నెల రెండూ కలిపి ఇచ్చేద్దాం అనుకున్నాను. ఆ వచ్చే నెల ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు ఆదివారం కానుక సంచి నా వరసలోకి వస్తుంటే గుండె దడ. పిడికిలి మూసి సంచి లోపలికంటా పెట్టి తీస్తాను. అందులో ఉండేది చిల్లర. పక్కవాళ్ళకి కనబడకూడదని ఆ పిడికిలి. తొమ్మిదేళ్ళు కవర్ వేసినప్పుడు మాత్రం వేళ్ళ చివర పట్టుకుని వేసేవాణ్ణి. అది కూడా గుర్తొచ్చి సిగ్గేస్తోంది.

మొన్న ఒక బ్రదర్ సాక్ష్యం చెప్పారు. అప్పుల్లో మునిగి ఉండి కూడా దశమభాగం ఆపలేదట, ఏడాది తిరగకుండా అప్పులన్నీ తీరాయట. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చి బైబిల్లో మలాకీ గ్రంథం మూడో అధ్యాయం తీశాను. ‘మానవుడు దేవునియొద్ద దొంగిలునా?’ అన్న దగ్గర ఆగిపోయాను. ముందుకి చదవలేకపోయాను.

ఇంకో రెండు విషయాలు కూడా చెప్పేస్తాను, లేకపోతే సగం చెప్పినట్టు ఉంటుంది.

మా సంఘంలో ఒక పెద్దామె ఉన్నారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది, చిన్న పెన్షన్ మీద ఒక్కరే ఉంటారు. రెండు నెలల క్రితం ఆరాధన అయ్యాక నా బైబిల్లో ఒక కవర్ పెట్టి, ‘నాన్నగారికి బాబూ’ అన్నారు. తెరిచి చూడకుండానే ఆమె చేతిలో పెట్టేశాను. ‘మీకే అవసరం కదమ్మా, వద్దండీ’ అన్నాను. మర్యాదగానే అన్నాను. అప్పటినుంచి ఆమె మా వరసలో కూర్చోవడం లేదు.

రెండోది ఆఫీసులో. మా అంతస్తు శుభ్రం చేసే ఆమె తన కూతురి పరీక్ష ఫీజుకి కొంచెం తక్కువైందని అడిగింది. నా దగ్గర ఉంది. ‘లేదమ్మా, ఒక్క పైసా లేదు’ అన్నాను. ఆమె వెంటనే ‘అయ్యో, మీ నాన్నగారికి బాలేదు కదూ, అడగాల్సింది కాదు’ అని నాకే సారీ చెప్పింది. దశమభాగం కంటే ఇదే నన్ను ఎక్కువ తినేస్తోంది, ఎందుకో తెలియదు.

నా ప్రశ్న ఇదీ: నాన్నకి పెట్టేది దేవునికి ఇచ్చినట్టు లెక్కేనా? లేక అది నేను చెప్పుకునే సాకా? వైద్యం ఎన్నాళ్ళో తెలియదు. అన్నాళ్ళూ నేను ఇవ్వని విశ్వాసిగానే ఉండాలా?

నిలకడ

బ్రదర్, బాధపెట్టాలని కాదు గానీ సూటిగా చెప్తాను. పదో వంతు మనది కాదు. మనది కానిదాన్ని మన అవసరానికి వాడుకోవడం ఎంత కష్టంలో ఉన్నా వాడుకోవడమే. ‘నన్ను శోధించి చూడండి’ అని దేవుడు అన్నది ఈ విషయంలోనే. మా ఇంట్లో కూడా కష్టాలు వచ్చాయి, ముందు ఆయనది పక్కన పెట్టాకే మిగతావి చూశాం. ఎప్పుడూ తక్కువ పడలేదు. ఈ నెల నుంచే మళ్ళీ మొదలుపెట్టండి, కొంచెం కొంచెంగా కాదు, పూర్తిగా. మీ నాన్నగారి కోసం ప్రార్థిస్తాం.

బేతనియ

నిలకడ బ్రదర్, మీకు తక్కువ పడలేదు, సంతోషం. కొందరికి పడుతుంది. దశమభాగం ఇస్తూనే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళని సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవరు కాబట్టి మీరు విని ఉండరు.

పెద్దకొడుకు గారూ, మార్కు 7లో కొర్బాను అన్న మాట చదవండి. తల్లిదండ్రులకి ఉపయోగపడాల్సిన సొమ్ముని ‘ఇది దేవార్పితం’ అని చెప్పి వాళ్ళకి ఇవ్వకుండా తప్పించుకునేవాళ్ళని ప్రభువు అక్కడ గట్టిగా గద్దించాడు. దేవుని ఆజ్ఞని మీ ఆచారంతో నిరర్థకం చేస్తున్నారు అన్నాడు. సొంతవాళ్ళని పట్టించుకోనివాడు విశ్వాసం లేనివాడికంటే చెడ్డవాడని 1 తిమోతి 5:8లో ఉంది. మీరు కవర్ చించింది మీ కోసం కాదు. మీ నాన్నగారు ఇవాళ ఊపిరి పీల్చుకుంటున్నారంటే అందులో ఆ కవర్ కూడా ఉంది. ఆయన్ని చూసుకోండి. మిగతాది దేవునికి తెలుసు.

పెద్దకొడుకు

థాంక్స్ సిస్టర్. కొర్బాను సంగతి మా ఆవిడ కూడా చెప్పింది. ఒప్పుకుంటాను. కానీ ఒకటి అడుగుతాను: నాన్నకి పెడుతున్నాను కాబట్టి ఇంకెవరికీ పెట్టక్కర్లేదు అనే మాట నాకు బాగా రుచించింది. ఆఫీసులో ఆమెకి లేదన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ మాటే. అందుకే అనుమానంగా ఉంది. నాన్ననే కొర్బానుగా వాడుకుంటున్నానేమో.

పాత లెక్కలు

తమ్ముడూ, ఆ చివరి వాక్యం రాసినవాడికి నా సలహా పెద్దగా అవసరం లేదు. అయినా పెద్దవాణ్ణి, మాట్లాడకుండా ఉండలేను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మా సంఘంలో పద్నాలుగేళ్ళు కోశాధికారిగా చేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో తలుపేసుకుని కానుకలు లెక్కపెట్టింది నేనూ, ఇంకో ఇద్దరూ. ముగ్గురూ లేకుండా సంచి విప్పకూడదని నియమం. పౌలుది కూడా అదే జాగ్రత్త. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగవుతున్న డబ్బు పనిమీద తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మనిషిని కూడా పంపాడు, ఎవరూ తప్పు మోపకుండా (2 కొరింథీ 8:20). డబ్బు దగ్గర అపొస్తలుడికైనా సాక్షులు కావాలి.

నీ పిడికిలి సంగతి లెక్కపెట్టేవాడి వైపు నుంచి చెప్తాను. చిల్లర ఎవరు వేశారో మాకు తెలియదు. నలిగిన నోట్లు, చెమటకి తడిసిన నాణేలు, పిల్లలు మడతపెట్టి మడతపెట్టి గోరంత చేసిన కాగితాలు, అన్నీ ఒకే కుప్ప. తెలిసేది పేరున్న కవర్ల సంగతే. అది ఆగిపోయినా తెలుస్తుంది. పుస్తకంలో ఆ పేరు ఎదురుగా చిన్న గీత గీసేవాణ్ణి. పద్నాలుగేళ్ళలో అలా చాలా గీతలు గీశాను. ఒక్కరికి కూడా ఫోన్ చేసి ‘ఇంట్లో అంతా బాగేనా’ అని అడగలేదు. అడిగితే డబ్బు కోసం అడిగినట్టు ఉంటుందని మొహమాటం. ఇప్పుడు తలుచుకుంటే, ఎవరింట్లో ఏ కష్టం మొదలైందో పాస్టర్ గారి కంటే ముందు తెలిసే అవకాశం నాకుండేది. నేను గీత గీసి పుస్తకం మూసేశాను. మీ సంఘంలో కూడా నీ కవర్ ఆగిన సంగతి తెలిసినవాడు ఒకడుంటాడు. నాలాగే మొహమాటపడుతుంటాడు. నువ్వే వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. అక్కడితో సగం దడ తగ్గుతుంది.

ఇక నా దశమభాగం గురించి. పన్ను కోతకి ముందు జీతం మీద లెక్క నాది. బ్యాంకు వడ్డీ మీద కూడా లెక్క కట్టేవాణ్ణి. పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదో వంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేసినవాళ్ళని ప్రభువు ఏమన్నాడో ఎన్నోసార్లు చదివాను. అది ఇంకెవరి గురించో అనుకునేవాణ్ణి. (అక్కడ ఆయన పదో వంతు మానేయమనలేదు. వాటిని మానక వీటిని చేయమన్నాడు. బేతనియ సిస్టర్, నిలకడ చెప్పినదాంట్లో ఆ మేరకు నిజముంది.)

తర్వాత నా ఉద్యోగం పోయింది. తొమ్మిది నెలలు ఖాళీ.

మా సంఘంలో కష్టంలో ఉన్నవాళ్ళకి ఇచ్చే సహాయ నిధి ఒకటుంది. దానికి దరఖాస్తు కాగితం తయారుచేసింది నేనే. నాలుగు ప్రశ్నలు. ఎందుకు అవసరం, ఎంత, ఇంకెవరినైనా అడిగారా, నాలుగోది ‘ఇతరుల సహాయం లేకుండా ఎప్పటికి నిలదొక్కుకోగలరు?’ రాసినప్పుడు చాలా తెలివైన ప్రశ్న అనిపించింది. ఆరో నెలలో ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మొదటి మూడూ రాశాను. నాలుగోది నా వల్ల కాలేదు. ఎప్పటికో నాకు తెలిస్తే ఈ కాగితం ఎందుకు? చించేసి, ఎవరికీ చెప్పకుండా వడ్డీకి అప్పు తెచ్చాను. ఇచ్చే చెయ్యిగా ఉండటం నాకు ఎంత అలవాటైపోయిందంటే, చాపడం కంటే వడ్డీ కట్టడమే తేలిక అనిపించింది. దాన్ని విశ్వాసం అని కూడా అనుకున్నాను.

ఆ రోజుల్లో ఒకామె మా ఇంటికొచ్చింది. ఆ నిధి నుంచే రెండేళ్ళు నెలనెలా నా చేతుల మీదుగా డబ్బు తీసుకున్న మనిషి. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉండేది. రెండేళ్ళూ ఆమెకి గుమ్మం దగ్గరే నిలబడి ఇచ్చాను, సంతకం పెట్టించుకున్నాను, కూర్చోమని ఒక్కసారి అనలేదు. ఆమె వచ్చి, ‘మీరు ఇంటర్వ్యూలకి తిరుగుతున్నారంట, అమ్మగారు డ్యూటీకి పోతే పాప ఒక్కతే ఉంటోందంట, నేను వచ్చి కూర్చుంటా’ అంది. నేను ఏమన్నానో చెప్పనా? నువ్వు మీ పెద్దామెతో అన్నదే. ‘నీకే బోలెడు పనులమ్మా, వద్దులే.’ ఆమె నావైపు చూసి, ‘మీ దగ్గర తీసుకున్నప్పుడు నాకూ ఇట్టాగే ఉండేది సార్’ అంది. అంతే అంది. చెప్పులు విప్పి లోపలికొచ్చి పాప పక్కన కూర్చుంది.

ఆ వారం రోమా పత్రిక, అంటే పౌలు రోమాలోని విశ్వాసులకి రాసిన ఉత్తరం, చదువుతుంటే, అంతకు ముందు ఇరవైసార్లు చదివి దాటేసిన ఒక వచనం దగ్గర కాలు తట్టుకుంది. పౌలు మాసిదోనియలోనూ అకయలోనూ ఏళ్ళ తరబడి పోగుచేయించిన ఆ డబ్బుని యెరూషలేముకి తీసుకెళ్తూ, రోమాలో ఉన్నవాళ్ళని ప్రార్థించమని అడుగుతాడు (15:31). ఏమని? యూదయలో అవిశ్వాసుల చేతినుంచి తప్పించబడాలనీ, ఈ పరిచర్య అక్కడి పరిశుద్ధులకి ప్రీతికరం కావాలనీ. అంటే వాళ్ళు పుచ్చుకుంటారో లేదో అని ఆయనకే బెంగ! ప్రాణభయంతో సమానంగా చెప్పుకున్నాడు దాన్ని. అన్యజనుల, అంటే యూదులు కానివాళ్ళ, డబ్బు యూదు విశ్వాసులు చేత పట్టుకోవడమంటే, మీరూ మేమూ ఒకటే అని ఒప్పుకోవడం. ఇచ్చేవాళ్ళు ఉత్సాహంగా ఇచ్చేశారు. కష్టమైన పని అవతలివాళ్ళకి మిగిలింది.

నేను పద్నాలుగేళ్ళు ఇచ్చాను గానీ, ఆ రెండో పని నాకు రాదని అప్పుడు తెలిసింది.

2 కొరింథీ 8, 9 అధ్యాయాలు మనం కానుకలప్పుడు చదువుతాం. ‘దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును’ అన్న మాట గోడల మీద కూడా రాసుకుంటాం. 8:13, 14 మాత్రం ఎవరూ గోడ మీద రాయరు. ఇతరులకి తేలికగా, మీకు భారంగా ఉండాలని కాదు అంటాడు పౌలు. ఇప్పుడు మీ సమృద్ధి వాళ్ళ లేమికి, మరోసారి వాళ్ళ సమృద్ధి మీ లేమికి, అలా సమానంగా ఉండాలి అంటాడు. ‘మరోసారి’ అనేది ప్రతి ఇంటికీ వస్తుంది తమ్ముడూ. మీ ఇంటికి ఇప్పుడొచ్చింది. తొమ్మిదేళ్ళు ఇచ్చావు కాబట్టి నీకు హక్కుందని కాదు నేను చెప్పేది, అలా అనుకుంటే అది చీటీ పాట అయిపోతుంది. ఆ పెద్దామె కవర్ తిప్పి ఇచ్చినప్పుడు నువ్వు ఆమెకి మర్యాద చేశాననుకున్నావు. ఆమెకి ఎలా తగిలిందో ఆలోచించు. నువ్వు ఇవ్వదగినదానివి కాదు, పుచ్చుకోదగినదానివి మాత్రమే అని చెప్పినట్టు ఉండదా? నువ్వు ఇన్నాళ్ళూ కానుక సంచి ముందు పడుతున్న సిగ్గే ఆమెకీ ఇచ్చావు.

మాసిదోనియ వాళ్ళు నిరుపేదలు. ఈ ఉపకారంలో తమకీ పాలు కావాలని వాళ్ళే పౌలుని బతిమాలుకున్నారు. గుడిలో రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూశాడు. శిష్యుల్ని పిలిచి చూపించాడు గానీ, ఆమెని పిలిచి ‘నీకే అవసరం కదమ్మా, తీసేసుకో’ అనలేదు. అయితే సరిగ్గా అంతకు ముందు వచనంలోనే విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల్ని, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళని, తిట్టాడు, అదీ మరిచిపోవద్దు. ఆమె దగ్గర్నుంచి గుంజేవాడికి అక్కడ చోటు లేదు. ఆమె మనసారా ఇచ్చినప్పుడు ఆపేవాడికీ చోటు కనబడదు. ప్రభువు కూడా పుచ్చుకున్నాడు కదా. యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు తమ ఆస్తిలోంచి ఆయనకీ శిష్యులకీ ఉపచారం చేశారని లూకా 8లో ఉంది. సమరయ స్త్రీని దాహానికి ఇమ్మని తానే అడిగాడు.

మలాకీ దగ్గర ఆగిపోయానన్నావు. ఆగింది తప్పుచోట. దొంగిలునా అన్న మాటకి మూడు వచనాలు వెనక్కి వెళ్ళు, 3:5. కూలివాడి కూలి బిగబట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనీ తండ్రిలేనివాళ్ళనీ బాధపెట్టేవాళ్ళ మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ళ మీద సాక్ష్యం పలుకుతానంటాడు దేవుడు. ఆ దశమభాగం చేరేది గుడి సేవ చేసే, భూమిలో వాటా లేని లేవీయులకి. మూడేళ్ళకోసారి లేవీయుడితో పాటు పరదేశీ, అనాథా, విధవరాలూ తిని తృప్తిపడాలని ద్వితీయోపదేశకాండం 14లో ఉంది. అది ఆపడం అంటే వాళ్ళ నోటి ముందుది లాక్కోవడం. తండ్రి రక్తం శుభ్రం చేయించుకోవడానికి కవర్ చించినవాణ్ణి పట్టుకోవడానికి రాసిన మాట కాదది. అయినా నీకు దేవుని ముందు ఏదో ఒకటి పక్కన పెట్టాలని ఉంటే పెట్టు, అది మంచి కోరికే. పౌలు కొరింథువాళ్ళకి చెప్పింది ఆదివారం ఆదివారం, తాను వర్ధిల్లిన కొలదీ అని. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ప్రీతికరం అని కూడా అన్నాడు. ఎంతైనా సరే, ముందే ఇంట్లో కూర్చుని, మీ ఆవిడతో మాట్లాడి నిశ్చయించుకో. సంచి వచ్చినప్పుడు జేబులో తడుముకోవడంలో ఉన్న సిగ్గు, ముందే మడిచిపెట్టుకున్న చిన్న నోటులో ఉండదు. ఇది లెక్కలవాడిగా నా అనుభవం.

ఆఫీసులో ఆమె సంగతి: నీ పరిస్థితిలో ‘ఇప్పుడు కుదరదమ్మా’ అనే హక్కు నీకుంది. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అంతా తెచ్చినట్టు చూపిన అననీయతో అపొస్తలుడు పేతురు అన్నదీ అదే, పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ వశంలోనే ఉంది, అబద్ధం ఎందుకు అని. నువ్వు లేదన్నావు, ఆమె నమ్మి నీమీద జాలిపడింది. దొంగతనం గురించి అడిగావు కాబట్టి చెప్తున్నా, ఆమె దగ్గర ఆ జాలి దొంగిలించావు. అందుకే అది ఎక్కువ తినేస్తోంది. ఫీజు గడువు దాటిందో లేదో ముందు కనుక్కో.

ఆ నాలుగో ప్రశ్న ఏమైందని ఎవరైనా అడిగేలోపు చెప్పేస్తున్నా. మళ్ళీ ఉద్యోగం వచ్చాక కొట్టేయించాను. మూడోది కూడా. కమిటీలో ఇద్దరు ఒప్పుకోలేదు, మోసపోతాం అన్నారు. అప్పుడప్పుడూ మోసపోయాం కూడా.

నిలకడ

అన్నా, 3:5 నేను గమనించలేదు. కూర్చుని చదివాను. ముందు ఇవ్వాలన్న నా మాట మార్చుకోను. కానీ ‘పూర్తిగా’ అన్నది ఈ బ్రదర్‌తో అనకుండా ఉండాల్సింది.

మిగులు

ఇక్కడ కష్టంలో ఉన్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నాం. నాలాంటివాళ్ళ గురించి కూడా ఒక మాట. నాకు జీతం బాగానే వస్తుంది, అప్పుల్లేవు, పదో వంతు ఇస్తే నాకు ఏమీ తెలియదు. ఏ నెలా ఏదీ మానుకోలేదు. పెద్దకొడుకు గారు చిల్లర వేసి సిగ్గుపడుతుంటే, నేను కవర్ వేసి హాయిగా కూర్చుంటున్నాను. ఇదెక్కడి న్యాయం?

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1780లలో ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఒక యువకుడి లెక్క చెప్పాడు. ఆ యువకుడు తానేనని చాలామంది అంటారు. ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చింది, 28తోనే బతికి 32 ఇచ్చాడు. తర్వాత 90 వస్తే 62. నాలుగో ఏడు 120 వస్తే 92. అతను గీత గీసుకున్నది ఇచ్చేదాని మీద కాదు, ఖర్చు మీద. దీన్ని చదివాక నా ఖర్చు లెక్క రాసుకోవడం మొదలుపెట్టాను. మూడు నెలలైంది. 28 దరిదాపుల్లో కూడా లేను, ఎక్కడ ఆగాలో నాకే తెలియడం లేదు. కానీ పదో వంతు అనే మాట వెనక దాక్కోవడం కుదరడం లేదు.

పాత లెక్కలు గారూ, మోసపోవడం గురించి: అపొస్తలుల బోధ అని పేరున్న తొలినాళ్ళ చిన్న పుస్తకం, డిడాకే, అడిగిన ప్రతివాడికీ ఇమ్మంటుంది. కొన్ని వాక్యాలు దాటగానే, ఎవరికిస్తున్నావో తెలిసేదాకా నీ దానం నీ చేతుల్లో చెమట పట్టనీ అంటుంది. రెండూ పక్కపక్కనే. మీ కమిటీ గొడవ కొత్తది కాదు.

పాత లెక్కలు

చెమట పట్టిన నాణేలు నేను చాలా లెక్కపెట్టాను బాబూ. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

పెద్దకొడుకు

మూడు వారాలు అయింది. ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

కోశాధికారి గారిని కలిశాను. నేను నోరు తెరవకముందే ‘నీ కవర్ రావట్లేదు కదా, నాలుగు నెలలుగా నీ దగ్గరికి ఎలా రావాలా అని చూస్తున్నా’ అన్నారు. పాత లెక్కలు గారి మాటే గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆయనకి అర్థం కాలేదు. సహాయ నిధి గురించి ఆయనే చెప్పారు. మా సంఘంలో కాగితం లేదు, నోటిమాటే. ఇంకా అడగలేదు. మా ఆవిడ అడుగుదాం అంటోంది. నాకు ఇంకో వారం కావాలి.

ఆఫీసులో ఆమెకి నిజం చెప్పాను, ఆ రోజు నా దగ్గర ఉంది, లేదన్నాను అని. ఫీజు ఇంకెవరో కట్టేశారట, మా కంటే తక్కువ జీతం ఉన్న సెక్యూరిటీ అతను. ఆమె ఏమీ అనలేదు. ‘మీ నాన్నగారికి ఎట్టా ఉంది’ అంది. ముందులా మాట్లాడుతోందా లేదా అని రోజూ చూసుకుంటున్నాను. కొంచెం తేడా ఉంది.

పెద్దామె ఇంటికి వెళ్ళడానికి మాత్రం రెండు ఆదివారాలు పట్టింది. గుమ్మం దగ్గర నిలబడే, ‘అమ్మా, ఆ రోజు నేను తప్పు చేశాను, ఆ కవర్ ఇప్పుడిస్తే తీసుకుంటాను’ అన్నాను. నేను ముందే అనుకున్న మాటలు వేరే ఉన్నాయి, నోట్లోంచి ఇవి వచ్చాయి. ఆమె నన్ను కాసేపు చూసి, ‘అది ఇంకా ఉంటుందా నాయనా, ఇంకొకళ్ళకి ఇచ్చేశాగా’ అన్నారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆమె నవ్వేశారు.

తర్వాత కుర్చీ జరిపి కూర్చోమని, నాన్నని ఏ రోజుల్లో తీసుకెళ్తారని అడిగారు. మంగళ, గురు, శనివారాలని చెప్పాను. గురువారం నాకు పనేం లేదు, మీ ఆవిడని పడుకోమను, నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటా అన్నారు.

‘వద్దండీ’ అన్న మాట నాలుక దాకా వచ్చింది. నాలుగు గంటలు పడుతుందమ్మా అన్నాను.

‘తెలుసు’ అన్నారు.

నిన్న గురువారం.